ఊడని అలమర

“నాన్నా, విడిభాగాలొచ్చాయి!” అని కూతురు ఫోనులో సంబరంగా అరిస్తే, వడ్రంగి చెవిలోకి అది “విడాకులొచ్చాయి” అని వెళ్ళింది.

పాపం, చెవి తప్పు కూడా కాదు. ముప్పయ్యేళ్ళు కోత మిషను పక్కన కాపురం చేసిన చెవి అది. కుడి చెవి మీద ఎప్పుడూ పెన్సిలు కూర్చుని ఉండేది కాబట్టి ఫోను ఎడమదానికే అలవాటు. ఆ ఎడమదే మిషను వైపు ఉండేది. మిషను చెక్కల్ని కోసినట్టే మాటల్నీ కోసేది. మొదలూ చివరా మిగిల్చి, మధ్యలోదంతా పొట్టు చేసి రాల్చేది. ఆ ఖాళీలో ఏం నింపుకోవాలన్నది వినేవాడి ఇష్టం. ఎనిమిది నెలలుగా ఆయన దగ్గర నింపుకోవడానికి దిగులొక్కటే దండిగా నిల్వ ఉంది గనక, అదే నింపుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమైందండీ?” అంటూ భార్య వంటగదిలోంచి తడిచేతులతో వచ్చింది.

“అమ్మాయికి విడాకులొచ్చాయట.”

“ఎవరమ్మాయికి?”

“మనమ్మాయికే.”

“పెళ్ళి కాకుండానా?”

“అదే నాకూ అంతుపట్టట్లేదు. గొంతు చూస్తే మహా హుషారుగా ఉంది.”

ఆవిడకు ముందు నవ్వొచ్చింది. నవ్వు వెనకే అనుమానం వచ్చింది. అనుమానం వెనకాల ఏడుపు వచ్చేసరికి, మిగతా రెంటికీ చోటు లేకుండా పోయింది. పక్క వాటావాళ్ళకు గోడలకంటే చెవులెక్కువన్న సంగతి మరిచిపోయి “ఎవడే వాడు? మాకు చెప్పకుండా ఎప్పుడు చేసుకున్నావే?” అని ఫోను లాక్కుని రాగం అందుకుంది.

“ఎవడేంటమ్మా? ఫర్నిచర్ కంపెనీ వాడు. రెండు పెట్టెలు దింపి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.”

“సంతకం కూడా పెట్టేశావా!”

“పెట్టకపోతే పెట్టె ఇవ్వడు కదమ్మా. మంచం, బల్ల, అలమర. వి-డి-భా-గా-లు! మనమే బిగించుకోవాలి!”

విడిపోయినవి మనుషులు కావనీ, చెక్కలేననీ తేలాక ఆ ఇంట్లో చాలా రోజులకు నవ్వు వినిపించింది. వినిపించింది భార్యకు. ఆయనకు కనిపించింది.

నవ్వు ఆగాక కూతురు అసలు సంగతి చెప్పింది. ఈసారి తల్లికి చెప్పింది. తల్లి వచ్చి మొగుడి కుడి చెవిలో చెప్పింది. ఆ కంపెనీకి బిగింపు పనివాళ్ళు కావాలట. జనం పెట్టెలు కొనుక్కుంటున్నారు గానీ బిగించుకోలేక ఏడుస్తున్నారట. అమ్మాయి ఆ కంపెనీ సూపర్‌వైజర్‌తో మాట్లాడింది. మా నాన్న వడ్రంగి, ముప్పయ్యేళ్ళ పనితనం, మా ఇంట్లో సామానే ఆయన చేత బిగింపిస్తాను, వచ్చి చూసుకోండి, నచ్చితే తీసుకోండి అంది. అతను సరేనన్నాడు. ఆదివారం పొద్దున పదకొండింటికి వస్తానన్నాడు.

వడ్రంగి లేచి వెళ్ళి అద్దం ముందు నిలబడి, నాలుగు రోజుల గడ్డాన్ని చేత్తో తడుముకున్నాడు. చిత్రిక పట్టని చెక్కను తడిమినట్టు.

ఆయన పనిచేసిన కార్ఖానా ఎనిమిది నెలల కింద మూతపడింది. యజమాని మంచివాడే. “జనం అలమరలు చేయించుకోవడం మానేశారు మేస్త్రీ, తెచ్చుకుంటున్నారు” అని చెప్పి, కళ్ళు తుడుచుకుని, మిషన్లు అమ్ముకున్నాడు. అప్పట్నుంచీ ఈయన నాలుగు చోట్లకు తిరిగాడు. తలుపుల ఫ్యాక్టరీలో అనుభవం ఎంతన్నారు, ముప్పయ్యేళ్ళన్నాడు, మాకు అనుభవం మిషన్లకుంటే చాలన్నారు. ఇంకోచోట ఏదో అడిగారు, ఈయనకు వినపడలేదు, నవ్వి ఊరుకున్నాడు, వాళ్ళూ నవ్వి పంపేశారు. చెక్కడం వచ్చినవాడే గానీ చెక్కేయడం రానివాడు. ఇంకో ఊరికో ఇంకో పనికో చెక్కేద్దామన్న ఆలోచనే తట్టదు. ఇంట్లో కూర్చున్నాడు.

కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నా బాగుండేది. వంటింటి తలుపు కాస్త బిర్రుగా ఉందని చిత్రిక పట్టాడు. బిర్రు పోయింది. ఇంకాస్త పట్టాడు. ఆఖరికి తలుపుకు గడియ పడడం మానేసింది. గడియ పడని తలుపును చూస్తూ గడియ గడవని మనిషి కూర్చునేవాడు. “ఏమండీ, ఇంట్లో ఉన్న కర్రలన్నిటికీ ఉద్యోగం పోతుందని భయం పట్టుకుంది, ఇక వదిలెయ్యండి” అని భార్య హాస్యమాడేది. ఆవిడ యూనిఫాంలు కుట్టే చోట కాలర్లు కుడుతుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కాలర్లు పట్టుకునే మనిషి, ఇంటికొచ్చి మొగుడి కాలర్ పట్టుకుని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే బాగుండునని ఆయనే అనుకునేవాడు.

ఆ హాస్యం కూడా ఒకరోజు ఆగిపోయింది. ఆ రోజు ఆవిడ పని నుంచి వచ్చేసరికి ఆయన గోడకానుకుని కూర్చుని ఉలి సానబెడుతున్నాడు. పొద్దున వెళ్ళేటప్పుడూ అదే ఉలి సానబెడుతున్నాడు. కొయ్యడానికి ఇంట్లో ఏమీ లేదు. ఆ ఉలిని చూసి ఆవిడ ఉలిక్కిపడింది. చేతిలోంచి తీసుకుని, పనిముట్ల సంచిలో పెట్టి, సంచిని తన కుట్టుగుడ్డల కింద దాచేసింది. ఎక్కడ దాచావని ఆయన అడగలేదు. అడగకపోవడమే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది. అప్పట్నుంచి ఆ గుడ్డల వైపు బెత్తెడు అలికిడయినా లేచి చూసుకునేది.

ఇప్పుడు కూతురి ఫోను రాగానే ఆవిడ చేసిన మొదటి పని ఏమిటంటే, కుట్టుగుడ్డలు తీసి ఆ సంచిని బయటికి లాగి ఆయన కాళ్ళ ముందు పెట్టడం.

“ఆదివారం దాకా మీ బుర్ర, మీ చెయ్యి, ఈ సంచి. ఇక నాకు భయం లేదు” అంది.

ఆ ఉద్యోగం వస్తే ఆ సంచి బయట ఉంటుంది. రాకపోతే మళ్ళీ దాచాలి. ఈ మాట ఇద్దరూ అనుకున్నారు, ఇద్దరూ అనలేదు.

శనివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాం కూతురి ఫ్లాటుకు చేరారు. మూడో అంతస్తు. ముందొక గది, లోపలొక చిన్న గది, రెంటికీ మధ్య సన్నటి గుమ్మం. గోడలకు కొత్త సున్నం వాసన, నేల మీద ఒక పరుపు, ఒక బకెట్టు, గోడకు ఆనించి రెండు అట్టపెట్టెలు. పదకొండు నెలల అద్దె కాగితం కిటికీ మీద చక్కగా మడిచి ఉంది. అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, శనివారమూ డ్యూటీయే. వెళ్ళబోతూ తండ్రి కుడి పక్కకు వచ్చి నిలబడింది.

“నాన్నా, పెట్టెలో బొమ్మల కాగితం ఉంటుంది. అందులో ఎలా ఉంటే అలా చెయ్యి. నీ తెలివి పెట్టకు.”

“తెలివి పెట్టకుండా బిగించడం ఎలాగే?”

“అందుకేగా వాళ్ళు కాగితం పెట్టింది! బల్లగుద్ది చెప్తున్నా నాన్నా, వినిపించిందా?”

“బల్ల ఇంకా బిగించలేదు తల్లీ. బిగించాక వచ్చి గుద్దు.”

అమ్మాయి నవ్వుతూ మెట్లు దిగింది. ఆయన పెట్టె విప్పాడు.

లోపల పలకలు. పైన చెక్క రంగు, చెక్క గీతలు, చెక్క ముడులు కూడా అచ్చు వేశారు. అంచు దగ్గర గోటితో గీరి చూశాడు. పొట్టు! పొట్టును ముద్ద చేసి, నొక్కి, చెక్క వేషం వేశారు. ఆయన నోరు తెరుచుకుని భార్య వైపు చూశాడు.

“ముప్పయ్యేళ్ళు నేను ఊడ్చి పారబోసిందే! వీళ్ళు పోగుచేసి అమ్ముతున్నారు! పొట్టుతో పొట్ట నింపుకోవచ్చని మా యజమానికి తట్టలేదు చూడు.”

“తట్టి ఉంటే మీరిప్పుడు ఇక్కడుండేవారు కాదు. కాగితం చూడండి.”

కాగితంలో అక్షరం ముక్క లేదు. గుండ్రటి తల ఉన్న ఒక బొమ్మ మనిషి ఉన్నాడు. వాడు పలక పట్టుకున్నా నవ్వుతాడు, మర తిప్పినా నవ్వుతాడు. “వీడెవడో జీతం రాళ్ళు అందినవాడిలా ఉన్నాడు” అన్నాడు వడ్రంగి. మరల పొట్లం తీసి నేల మీద వరుసగా పేర్చాడు. పొడుగు మరలు, పొట్టి మరలు, గుండీల్లాంటి ఇనప బిళ్ళలు. ఈ బిళ్ళను పలకలో దూర్చి, ఎల్ అక్షరంలా వంగిన ఇనపపుల్లతో అరచుట్టు తిప్పితే పలక పట్టుకుంటుంది. మళ్ళీ అరచుట్టు వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. ఆయన రెండుసార్లు తిప్పి చూశాడు. పట్టుకుంది. వదిలేసింది.

“మరలంటే మరలా మరలా తిప్పుతూ కూర్చోవడమేనా? ఇదేం అతుకే? ఇలా తిప్పితే వచ్చేది అలా తిప్పితే పోతుంది.”

“అలమరకు అరలెన్ని?” అంది భార్య, మాట మార్చడానికి.

“ఆరు అరలు.”

“ఆరు అరలంటే మూడేగా.”

ఆయన నవ్వలేదు. పెట్టెను బోర్లా తిప్పి దులుపుతున్నాడు. స్పాంజి ముక్కల కింద చూశాడు, అట్టల మడతల్లో వేళ్ళు పెట్టి చూశాడు, రెండో పెట్టె కూడా విప్పి చూశాడు.

“ఏం వెతుకుతున్నారు?”

“జిగురు.”

“బొమ్మలో ఉందా?”

“బొమ్మలో ఎందుకుంటుంది? నేలమీద నిలబడు అని ఎవరన్నా బొమ్మ గీస్తారా? జిగురు లేకుండా అతుకెక్కడుంటుందే!”

ఆయనకు పని నేర్పిన ముసలాయన ఒకాయన ఉండేవాడు. కుర్రాళ్ళు చేసిన ప్రతి అతుకునూ రెండు చేతులా పట్టుకుని లాగేవాడు. ఊడితే మాట్లాడకుండా తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేవాడు. నాలుగు రోజులు కష్టపడి చేసిన స్టూలైనా సరే, దాని మీద టీ కాగాల్సిందే. “జిగురులోనే గురు ఉన్నాడురా, తీసేస్తే మిగిలేది ఒట్టి జి” అనేవాడు. ఈయన చేసిన మొదటి మూడు స్టూళ్ళ మీదా టీ కాగింది. నాలుగోది ఊడలేదు. అప్పట్నుంచి ముప్పయ్యేళ్ళలో ఈయన చేతి అతుకు ఒక్కటీ ఊడలేదు. ఆయనకున్న ఆస్తి మొత్తం అదే.

కాబట్టి పెట్టెలో జిగురు లేకపోవడానికి ఆయనకు రెండే కారణాలు తోచాయి. ఒకటి, పిసినారితనం. సామాను చవక, ఆ చవక ఎక్కణ్ణుంచో రావాలి, జిగురు మిగుల్చుకున్నారు. రెండోది, తట్టగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

“ఏమే! ఇది పరీక్ష.”

“ఏది?”

“కావాలనే తీసేశారు. పనివాడైతే కనిపెడతాడు, బొమ్మలు చూసి తిప్పేవాడైతే కనిపెట్టలేడు. ఆ సూపర్‌వైజర్ వచ్చి ముందు చూసేది ఇదే.”

భార్యకు ఎక్కడో ములుక్కుమంది. “అమ్మాయిని ఒకసారి అడుగుదామండీ” అంది. ఫోను చేసింది. ల్యాబులో ఫోను ఎత్తనివ్వరు. మళ్ళీ చేసింది. “నేనే మాట్లాడతానుండు” అని ఆయన చెయ్యి చాచాడు గానీ, మళ్ళీ ఏ విడాకులు వినాల్సొస్తుందోనని ఆవిడే ఫోను తన చేతిసంచిలో వేసేసింది. పైగా ఆయన మొహం చూసింది. ఎనిమిది నెలలుగా ఆ మొహం మీద లేనిదేదో వచ్చి కూర్చుంది. దాన్ని లేపడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ఆయన సంచిలోంచి జిగురు డబ్బా తీశాడు. ఇనప బిళ్ళలన్నీ ఏరి ఒక డబ్బీలో పోశాడు. వాటి స్థానంలో, సంచి అడుగున ఎప్పటివో గట్టి కొయ్య ముక్కలుంటే వాటిని మేకులుగా చెక్కాడు. ఒక్కొక్క మేకునూ కన్నంలో పెట్టి చూసి, తీసి, వెంట్రుకవాసి గీరి, మళ్ళీ పెట్టాడు. జిగురు రాసి, కొయ్య సుత్తితో మూడు దెబ్బలు. మరీ గట్టిగా కాదు, మరీ మెల్లగా కాదు. నాలుగు వైపులా తాడు బిగించి, తాడులో కర్ర దూర్చి మెలిపెట్టాడు. అంచుల్లోంచి ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడిచాడు. భార్య ఆ గుడ్డ అందించే ఉద్యోగంలో చేరింది.

“ఇటు రా, మంచం పట్టు.”

“ఎనిమిది నెలల్నుంచి మీరు మంచం పడతారేమోనని నేను ఏడుస్తుంటే, ఇప్పుడు నన్ను పట్టమంటున్నారా!”

ఈసారి ఆయన నవ్వాడు. పెద్దగా, చేతిలో పలక ఊగేలా నవ్వాడు. మధ్యాహ్నం ఆకలేస్తోందన్నాడు. ఆకలేస్తోందన్న మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో ఆవిడ లెక్క వేసుకోబోయి మానేసింది. కింద దుకాణం నుంచి రొట్టె తెచ్చి పెడితే నిలబడే తిని, మళ్ళీ పలక అందుకున్నాడు. ఏదో కూనిరాగం కూడా తీశాడు. శృతి పూర్తిగా తప్పింది. తప్పినట్టు ఆయనకు వినపడదు, వినపడేవాళ్ళకు అభ్యంతరం లేదు.

మంచం, బల్ల ముందు గదిలో అయ్యాయి. అలమరను లోపలి గదిలోనే నిలబెట్టి బిగించాడు. అమ్మాయి అక్కడే కావాలంది. సాయంత్రానికి అంతా అయిపోయింది. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయి మంచం మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ ధబ్బున కూర్చుంది. కిర్రుమనలేదు. బల్లను నిజంగానే గుద్దింది. అలమరను భుజంతో నెట్టింది. గోడను నెట్టినట్టుంది.

“నాన్నా! నా స్నేహితురాలింట్లో ఇదే అలమర, తుమ్మితే ఊగుతుంది!”

“అది బొమ్మ మనిషి చేసింది. ఇది మనిషి చేసింది” అన్నాడాయన.

ఆ పిల్ల తండ్రి చేతులు పట్టుకుని చూసింది. వేళ్ళ మధ్య జిగురు ఎండి పొరలు లేచింది. దాన్ని గోళ్ళతో ఒలుస్తూ కూర్చుంది గానీ, జిగురెందుకని అడగాలని ఆ పిల్లకూ తోచలేదు. పుట్టినప్పట్నుంచి ఆ చేతులు అలాగే ఉండేవి.

ఆదివారం పదకొండింటికి సూపర్‌వైజర్ వచ్చాడు. పాతికా ముప్పై మధ్య కుర్రాడు, చేతిలో పలకంత ఫోను, మాటలో మర్యాద. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఊపిరి కూడా కొలత ప్రకారం పీలుస్తూ వడ్రంగి నిలబడ్డాడు. భార్య ముందే చెప్పింది, ఆ అబ్బాయిని కుడివైపు ఉంచుకొమ్మని. కానీ మంచం ఎడమవైపుంది.

కుర్రాడు మంచం చూశాడు, బల్ల చూశాడు, చిన్న నీటిబుడగ ఉన్న కొలబద్ద పెట్టి చూశాడు. బుడగ మధ్యలో కదలకుండా నిలబడింది. లోపలి గదిలోకి వెళ్ళి అలమరను ఊపబోయాడు. అలమర కదల్లేదు, ఆ కుర్రాడే కదిలాడు.

“బాబాయ్ గారూ, నేను నాలుగేళ్ళుగా ఈ పని చూస్తున్నాను. ఇంత చక్కగా బిగించినవాణ్ణి చూళ్ళేదు. మా దగ్గరున్న పదిమందికీ మీరే నేర్పాలి.”

ఇది మాత్రం వడ్రంగికి అక్షరం పొల్లుపోకుండా వినపడింది. భార్య వంక చూశాడు. ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అమ్మాయి తలుపు వెనక బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. ఆ నిమిషాన ఆ ఇంట్లో ముగ్గురికీ ఉద్యోగం వచ్చేసింది.

“ఇక ఒక్కటే మిగిలింది” అని కుర్రాడు ముందు గదిలోకొచ్చి, చేతిలోని ఫోను చూసుకుంటూ అన్నాడు. “విప్పండి.”

ఎడమ చెవి ‘చెప్పండి’ అని అందించింది. వడ్రంగి గొంతు సవరించుకున్నాడు.

“చెప్పడానికేముంది బాబూ. మీ పెట్టెలో జిగురు లేదు. అదేదో పరీక్షని నాకు చూడగానే తెలిసిపోయింది. మా గురువుగారూ ఇలాంటి పరీక్షలే పెట్టేవారు. మొత్తం నలభై ఎనిమిది అతుకులు. నలభై ఎనిమిదింటికీ జిగురు పెట్టాను. కొయ్య మేకులు నా సొంతం, నిఖార్సయిన పాత కొయ్య. ఇదుగో, మీ ఇనప బిళ్ళలు. ఒక్కటి కూడా పారెయ్యలేదు, వేరేవాళ్ళకు పనికొస్తాయి, తీసుకెళ్ళండి.” డబ్బీని రెండు చేతులా పట్టుకుని అందించాడు. “ఈ అలమర మీ తర్వాత పుట్టింది, మీ తర్వాత కూడా ఉంటుంది. పందెం.”

కుర్రాడు డబ్బీ అందుకున్నాడు. దాన్ని చూశాడు, అలమరను చూశాడు, మళ్ళీ డబ్బీని చూశాడు. ముందుగా అర్థమైంది భార్యకు. ఆవిడకు బిగింపుల సంగతి తెలీదు, మొహాల సంగతి తెలుసు.

“నాన్నా,” అంది అమ్మాయి, దగ్గరికొచ్చి, కుడి చెవి దగ్గర, మెల్లగా. “చెప్పమనలేదు. విప్పమన్నారు.”

“విప్పడమా? ఎందుకు?”

కుర్రాడు మంచం అంచున కూర్చున్నాడు. ఎదుటి మనిషికి వినపడదని అప్పటికి అతనికి తెలిసిపోయింది. ఒక్కొక్క మాటా విడదీసి పలికాడు. “మా పనిలో సగం బిగించడం బాబాయ్ గారూ, సగం విప్పడం. కొనేవాళ్ళంతా అద్దె ఇళ్ళవాళ్ళు. ఏడాది తిరక్కుండా ఇల్లు మారతారు. మావాళ్ళు వెళ్ళి విప్పి, బండెక్కించి, అక్కడ మళ్ళీ బిగించాలి. ఒకే అలమర నాలుగైదు ఇళ్ళు తిరుగుతుంది. అందుకే ఆ బిళ్ళలు.”

వడ్రంగి తల ఊపాడు. అర్థమైన తల కాదు, వినపడిన తల.

“పోనీ ఒక్క అర,” అన్నాడు కుర్రాడు. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. “ఒక్క అర విరక్కుండా విప్పి చూపించండి. మిగతాది నేను చూసుకుంటాను. నిజంగా.”

వడ్రంగి సంచిలోంచి ఉలి తీశాడు. లోపలికెళ్ళి అలమర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింది అరను ఎంచుకున్నాడు. అతుకు ఎక్కడుందో వేలితో వెతికాడు. తనే తుడిచి తనే కలిపేసిన గీత, వేలికి దొరకలేదు. గోటికి దొరికింది. ఉలి అంచు ఆనించి తట్టాడు. ఏమీ లేదు. అమ్మాయి వేడినీళ్ళు తెచ్చింది. గుడ్డ తడిపి అతుకు మీద వేసి, ఆగి, మళ్ళీ తట్టాడు. ఏమీ లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాడు, ముసలాయన లాగినట్టే. మెడ నరాలు తేలాయి. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆయన తన అతుకు ఊడాలని కోరుకున్నాడు. అది ఆయన మాట వినలేదు. దానికీ చెవుడు వచ్చినట్టుంది.

“చాల్లెండి” అంది భార్య.

“ఉండవే.”

ఉలిని కాస్త లోపలికి పెట్టి సుత్తితో గట్టిగా కొట్టాడు. పెళ్ళుమంది. అతుకు కాదు, పలక. వేషం చిరిగి లోపలున్న పొట్టు బయటపడింది, రొట్టెముక్క తుంచినట్టు. అర ఆయన చేతిలోకి వచ్చేసింది. దాని చివర అలమర గోడలోంచి పిడికెడు ముద్ద ఊడి వచ్చింది, కొయ్య మేకు చుట్టూ, జిగురు ఏమాత్రం వదలకుండా. ఆ అలమర గోడలో పిడికెడు గొయ్యి. పక్క పలక కూడా పైదాకా చీలింది.

నేల మీద పొట్టు రాలుతూనే ఉంది. ఆయన దాన్ని అరచేత్తో ఒక పక్కకు ఊడుస్తూ ఉండిపోయాడు. చేతికి అలవాటైన పని అదొక్కటే అక్కడ మిగిలింది.

కుర్రాడు ఫోనులో ఏదో నొక్కాడు. “ఇందులో రెండే గడులున్నాయి బాబాయ్ గారూ. బిగించగలరు, విప్పగలరు. రెండూ అవునంటేనే పైకి వెళ్తుంది. బాగా బిగించారని రాయడానికి చోటు లేదు.” సంతకం చెయ్యమని ఫోను అద్దాన్ని ఆయన ముందు పెట్టాడు. పెన్ను లేదు, వేలితో చెయ్యాలట. వడ్రంగి వేలికి ఎండిన జిగురుంది. అద్దం ఆ వేలిని గుర్తుపట్టలేదు. రెండోసారీ గుర్తుపట్టలేదు. మూడోసారి ఎడమచేతి వేలితో, పిల్లల గీతలా ఏదో పడింది.

అలమర ఊడలేదు. చేరని ఉద్యోగం ఊడింది.

పలక విరిగిన చప్పుడుకు కింది అంతస్తు నుంచి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ వచ్చింది. గుమ్మంలోంచి తొంగిచూసి, విరిగిన అలమరనూ, నేలమీది మనిషినీ, బూట్లు తొడుక్కుంటున్న కుర్రాణ్ణీ చూసింది.

“ఏంటమ్మా ఇది? గోడలేమన్నా పగలగొడుతున్నారా?”

“లేదాంటీ, అలమర విప్పుతున్నాం.”

“విప్పడమా? ఇది విరగ్గొట్టడం కదా! ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దీన్నెట్లా తీస్తారు? ఈ లోపలి గుమ్మంలోంచి పట్టదే! నా గుమ్మం కొట్టనివ్వను, ముందే చెప్తున్నా.”

“అది కాదాంటీ, మా నాన్న…” అని అమ్మాయి మొదలుపెట్టింది.

“నువ్వుండు తల్లీ,” అన్నాడు వడ్రంగి. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. బూటు లేసు కట్టుకుంటున్న కుర్రాడు కూడా ఆగాడు. “నేను చెప్తానండీ. వీళ్ళ పెట్టెలో జిగురు లేదు. సామాను చవక కదా, జిగురు మిగుల్చుకున్నారేమో అనుకున్నాను. తర్వాత పరీక్షేమో అనుకున్నాను. నలభై ఎనిమిది అతుకులకూ నేనే పెట్టాను. మా దగ్గర ఊడితే తప్పండి. ఊడితే పొయ్యిలో పెట్టేవారు. నాకు తెలిసింది అదొక్కటే.”

ఇంటావిడ తల ఊపింది. అంత కోపంతో మెట్లెక్కి వచ్చిన మనిషి, ఇప్పుడేం చెయ్యాలో తెలీక తలుపు అంచు పట్టుకుని నిలబడింది.

“అది పరీక్ష కాదటండీ,” అన్నాడాయన, ఆవిడకూ, కుర్రాడికీ, కూతురికీ, భార్యకూ, అందరికీ వినపడేలా, తనకు వినపడనివాడు మాట్లాడేంత గట్టిగా. “మిగుల్చుకోనూ లేదట. ఊడాలనే పెట్టలేదట.”

భార్య వంగి, పొట్టులో పడున్న ఉలి తీసుకుని, సంచిలో పెట్టింది.